మాస్టర్ అనని మాట

అమీర్‌పేట హాస్టళ్ళలో కొంతకాలం ఒక మాట బాగా తిరిగింది. "నా దుకాణంలో పసుపు పెట్టించుకున్న చొక్కాతో ఇంటర్వ్యూకి పోయినవాడు ఉద్యోగం లేకుండా తిరిగి రాడు." ఈ మాట ఒక టైలర్ అన్నాడని అందరూ నమ్మారు. ఆ తర్వాత అదే టైలర్, "ఆశ పెట్టి పిల్లల్ని తప్పుదోవ పట్టించాను, మన్నించండి" అని క్షమాపణ చెప్పుకున్నాడనీ నమ్మారు. ఆయన మొదటి మాటా అనలేదు, రెండో మాటా అనలేదు. రెండూ నేను కూర్చుని రాసినవి.

ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. ఉండకూడదని ఎవరన్నారో తర్వాత చెబుతాను. నా ఫోన్లో కూడా మనుషుల పేర్లు తక్కువే. పళ్ళ డాక్టర్, కర్రీ పాయింట్, లేడీస్ హాస్టల్, కళ్ళద్దాలు అని దుకాణాల పేరుతోనే అందరినీ దాచుకున్నాను. వాళ్ళ ఫోన్లలో నేను 'పబ్లిసిటీ'. నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఈ ఊళ్ళో ఒక్కరూ లేరన్న సంగతి ఒకరోజు మెట్రోలో నిలబడి ఉండగా తట్టింది. గుంటూరులో మా అమ్మ పిలిచేది, ఆమె పోయింది. నా భార్యా నేనూ విడిగా ఉండటం మొదలుపెట్టి చాలాకాలమైంది. ఆమె అక్కడ, నేను పంజాగుట్టలో ఒక మూడో అంతస్తు గదిలో. గొడవలేమీ లేవు. మాట్లాడుకోవడానికి ఏమీ లేక ఫోన్లు తగ్గిపోయాయి, అంతే.

చిన్న దుకాణాలకు ప్రచారం చేసిపెట్టడం నా పని. చౌరస్తాలో హోర్డింగు పెట్టలేనివాళ్ళు, పేపర్లో ప్రకటన ఇవ్వలేనివాళ్ళు నా దగ్గరికి వస్తారు. గూగుల్ మ్యాపులో దుకాణం కనపడేలా చేసి మంచి ఫొటోలు పెడతాను. వచ్చిపోయేవాళ్ళను బతిమాలి నాలుగు మంచి మాటలు రాయిస్తాను. హాస్టల్ వార్డెన్లతో స్నేహం చేసి వాట్సాప్ గ్రూపుల్లో వేయిస్తాను. యూట్యూబ్ ఛానల్ కుర్రాళ్ళను పిలిచి, టిఫిన్ పెట్టించి, వీడియో తీయిస్తాను. వీటన్నింటికీ ముందు ఒక కథ కావాలి. ప్రకటనను చూసి జనం పక్కకు తిరుగుతారు, కథ చెబితే ఆగి వింటారు. కథకు ఖర్చు లేదు. కొత్తగా వచ్చిన ప్రతి క్లయింటుకీ ఇదే చెప్పేవాణ్ణి.

మా పనిలో ఇంకో పద్ధతి ఉంది. వార్తలో యజమాని అన్నట్టు వచ్చే మాటలు యజమాని అనడు, మేం రాస్తాం. "రుచి విషయంలో రాజీ పడను" అని కర్రీ పాయింట్ ఆయన ఎప్పుడూ అనలేదు. "నవ్వు చూస్తే చాలు, నా కష్టం మర్చిపోతాను" అని పళ్ళ డాక్టరూ అనలేదు. రాసి చూపిస్తే మురిసిపోయారు. తాము అలాంటి మనుషులమేనని కొన్నాళ్ళకు నమ్మారు కూడా. ఇందులో తప్పుందని నాకు ఎప్పుడూ అనిపించలేదు. పెళ్ళిపత్రికలో పద్యం పెళ్ళికొడుకు రాస్తాడా?

టైలర్ దుకాణం కోచింగ్ సెంటర్ల సందులో, ఒక పాత బిల్డింగు మెట్ల కింద ఉండేది. పైకి ఎక్కే కుర్రాళ్ళ చెప్పుల చప్పుడు ఆయన నెత్తి మీదే. సిద్దిపేట వైపు మనిషి. అందరూ మాస్టర్ అనేవాళ్ళు, నేనూ అలాగే అనేవాణ్ణి. కోర్సు అయిపోయి ఇంటర్వ్యూలకు తిరిగే కుర్రాళ్ళు చొక్కాలు కుట్టించుకోవడానికి వచ్చేవారు. రెడీమేడ్ దుకాణాలు పెరిగాక ఆ రావడం తగ్గింది. నన్ను ఎవరో పంపితే వెళ్ళాను.

"పబ్లిసిటీ అంటె ఎట్లుంటదన్నా? మైకు పెడ్తవా?" అని అడిగాడు మొదటిసారి.

"మైకు కాదు మాస్టర్. మీ గురించి నలుగురికీ తెలియాలి."

"నా గురించి తెలిస్తె ఉన్నోళ్ళు సుత రారు."

అలా మొదలైంది. నేను ఆయనకు చేసింది ఏమీ లేదు. మ్యాపులో పెట్టాను, ఫొటోలు తీశాను. అయినా సాయంత్రాలు అక్కడికి వెళ్ళడం అలవాటైంది. కటింగ్ టేబుల్ పక్కన ఒక ఎత్తుపీట ఉండేది, దాని మీద కూర్చునేవాణ్ణి. ఆయన మిషన్ తొక్కుతూ ఉంటే నేను ఫోన్లో ఎవరి దుకాణం గురించో రాసుకుంటూ ఉండేవాణ్ణి. ఇరానీ చాయ్ వచ్చేది. చీకటి పడేముందు కుట్టిన చొక్కాలన్నీ ఒక సంచిలో పెట్టుకుని ఆయన ఎర్రగడ్డ ఇంటికి వెళ్ళేవాడు. కాజాలూ గుండీలూ ఇంటి దగ్గర ఆయన భార్య వేసేది. పొద్దున అదే సంచి తిరిగి వచ్చేది. రోజంతా ఎంతోమందితో మాట్లాడేవాణ్ణి గాని, పని లేకుండా ఒక మనిషి పక్కన కూర్చునే చోటు నాకు అదొక్కటే.

దసరా సెలవులకు హాస్టళ్ళు ఖాళీ అవుతాయి. అమీర్‌పేటను అప్పుడు చూడాలి. ఏ సందులో నడిచినా భుజం తగలదు. కోచింగ్ సెంటర్ల బోర్డులు ఎవరికోసమో తెలియకుండా వేలాడుతుంటాయి. ఆ ఏడు పండగ పొద్దున నాకు వెళ్ళడానికి ఇంకెక్కడా లేక మెట్ల కిందికి వెళ్ళాను. మాస్టర్ మిషన్ కడిగి, బొట్టు పెట్టి, కత్తెరా టేపూ దాని ముందు పెట్టి పూజ చేస్తున్నాడు. ఆయన భార్య ఒక డబ్బాలో పులిహోర తెచ్చింది.

"తినుండ్రి. పండుగ పూట హోటల్ల తింటరా?" అంది.

తిన్నాను. మాస్టర్ ఒక కవరు చేతిలో పెట్టాడు. లేత నీలం చొక్కా.

"కొలతలు ఎప్పుడు తీసుకున్నారు?"

"రోజు కండ్ల ముంగట కూసుంటవు. నీకు కొలతలెందుకన్నా, ఎత్తుపీట అంత ఉన్నవు."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ చొక్కా వేసుకుని సాయంత్రం దాకా తిరిగాను. గదికి వచ్చి విప్పుతుంటే కింది అంచు లోపలివైపు చిన్న పసుపు చుక్క కనపడింది. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా మా ఇంట్లో ఎవరూ కట్టనిచ్చేవాళ్ళు కాదు. అమ్మ వేలితో ఓ మూల అద్దేది. ఆమె పోయాక నేను కొనుక్కున్న చొక్కాలన్నీ కంపెనీ చీటీ చింపి వేసుకున్నవే. ఆ చుక్కను చూస్తూ మంచం మీద చాలాసేపు కూర్చున్నాను. ఎవరికైనా ఫోన్ చేసి చెప్పాలనిపించింది. ఎవరికి చేయాలో తోచలేదు.

పండగ వెళ్ళాక మాస్టర్‌ను అడిగాను. "అందరి చొక్కాలకూ పెడతారా?"

"కొత్త బట్ట గదన్నా. పిలగాండ్లు అమ్మ దగ్గర లేరు గద" అన్నాడు, తలెత్తకుండా.

అంతవరకూ బాగుంది. అక్కడితో ఊరుకుని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. కానీ నాలో అప్పటికే రెండో మనిషి లేచి కూర్చున్నాడు. పండగ రాత్రి మంచం మీద ఆ చుక్కను చూస్తూ కూర్చున్నవాడే, ఆ రోజు 'దొరికింది కథ' అనుకున్నాడు. నాకోసం ఒకరు ఆలోచించి చేసిన పనిని తీసుకెళ్ళి బజార్లో పెట్టాను.

మొదట ఉన్నది ఉన్నట్టే రాశాను. హాస్టల్ పిల్లల కొత్త చొక్కాలకు అమ్మలా పసుపు పెట్టే టైలర్ అని. గ్రూపుల్లో వేస్తే చేతులు జోడించిన బొమ్మలు నాలుగు వచ్చాయి. దుకాణానికి ఒక్కరూ రాలేదు. ఛానల్ కుర్రాడు చదివి, "బాగుంది సార్, కానీ ఇందులో కిక్కు లేదు" అన్నాడు. అప్పుడు ఒక వాక్యం కలిపాను, మాస్టర్ అన్నట్టుగా. ఇందులో మొదట రాసిన వాక్యం అదే. రాయడానికి ఒక్క చాయ్ తాగినంత సేపు కూడా పట్టలేదు.

చదివి వినిపిస్తే మాస్టర్ మిషన్ ఆపాడు. "గిట్ల నేనెప్పుడన్ననే?"

"అందరికీ ఇలాగే రాస్తాం మాస్టర్. మా పద్ధతి ఇది."

"ఉద్యోగం నా చేతులుంటదా అన్నా? అంగి కుట్టుడు నా చేతులుంటది."

"అది సరదాకి అన్నట్టు ఉంటుందండీ. ఎవరూ పట్టించుకోరు."

వీడియో తీసే రోజు ఒక కుంకుమ భరిణె తెప్పించాను. అందులో పసుపు పోయించి, కెమెరా ముందు చొక్కా అంచుకు అద్దమన్నాను. ఆయన ఇబ్బందిగా చూశాడు. "గది నేను..." అని ఏదో చెప్పబోయాడు. "రికార్డవుతోంది మాస్టర్, తర్వాత చెబుదురు" అన్నాను. తర్వాత అడగలేదు.

జనం వచ్చారు. మెట్ల కింద నుంచి సందు మలుపు దాకా కుర్రాళ్ళు, ఆడపిల్లలు. రెడీమేడ్ చొక్కాలు తెచ్చుకుని పసుపు మాత్రం పెట్టమనేవాళ్ళు కొందరు. వీడియో కాల్లో అమ్మను చూపిస్తూ, "అమ్మా, ఈయనే" అనేవాళ్ళు కొందరు. ఒకడు ఏకంగా కాళ్ళకు మొక్కాడు. మాస్టర్ వెనక్కి జరగబోయి మిషన్‌కు కొట్టుకున్నాడు.

"బాబాను చేసినవన్నా నన్ను. ఇంకొన్ని దినాలైతె గడ్డం పెంచుమంటవు" అన్నాడు నాతో. నవ్వుతూనే అన్నాడు గాని కళ్ళలో నవ్వు లేదు.

నేను 'పసుపు చొక్కా' అని బోర్డు రాయించాను. వచ్చినవాళ్ళందరి నంబర్లతో గ్రూపు పెట్టాను. ఉద్యోగం వచ్చినవాళ్ళ ఫొటోలు అందులో వేసేవాణ్ణి. రానివాళ్ళు వాళ్ళంతట వాళ్ళే చప్పుడు లేకుండా గ్రూపు నుంచి వెళ్ళిపోయేవారు. వెళ్ళిపోయినట్టు తెర మీద సన్నటి అక్షరాల్లో కనపడేది. ఆ వరసలను నేను వేలితో పైకి తోసేసేవాణ్ణి.

తర్వాత కంపెనీలు మనుషుల్ని తీసుకోవడం తగ్గించాయి. ఆఫర్ లెటర్ చేతికిచ్చి కూడా రావద్దన్నారు. అమీర్‌పేటలో ఆ దిగులు టిఫిన్ బండ్ల దగ్గరే తెలిసిపోతుంది, పిల్లలు ఒక ప్లేటును ఇద్దరు పంచుకుంటారు. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం, నేను ఎత్తుపీట మీద కూర్చుని ఉండగా ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇంకో చేతిలో సంచి. అందులోంచి మడతపెట్టిన చొక్కా తీసి టేబుల్ మీద పెట్టాడు.

"గిది నువ్వు కుట్టిందేనా?"

మాస్టర్ కుట్టు చూసి, "నాదే" అన్నాడు.

"మా పిలగానికి మండలాఫీసుల ఆపరేటర్ పని వచ్చింది. కాంట్రాక్టే గని ఇంటి కాడ ఉండేటిది. వద్దన్నడు. పసుపు పెట్టిన అంగి ఉంది, హైదరాబాద్‌ల పక్కా వస్తదన్నడు. గా పని వేరేటోళ్ళకు పోయింది. గిక్కడ ఏది రాలే. ఇప్పుడు తలుపేసుకొని పండుతుండు." ఆయన గొంతు పెంచలేదు. "పక్కా వస్తదని నువ్వన్నవట. నేను సుత ఫోన్‌ల చూసిన. ఎట్లన్నవు బిడ్డా? నీకు పిల్లలు లేరా?"

మాస్టర్ తల తిప్పి నా వైపు చూశాడు. కోపంగా కాదు. వాక్యం నాది కాబట్టి జవాబు నా దగ్గరుంటుందని చూశాడు. "ఆ మాట రాసింది నేనండీ, ఈయన కాదు" అంటే సరిపోయేది. నా నోట్లోనే ఉంది. సరిగ్గా అప్పుడు ఫోన్ చేతిలో ఉండటం నాకు కలిసొచ్చింది. తల దించి తెర వైపు చూడటం మొదలుపెట్టాను. అక్కడ ఏమీ లేదు. ఎవరి మెసేజూ రాలేదు. అయినా వేలితో జరుపుతూనే ఉన్నాను. పళ్ళ డాక్టర్ చెవిన పడితే ఏమవుతుంది, హాస్టళ్ళవాళ్ళు ఏమంటారు, ఇంకెవరు పని ఇస్తారు, ఇవే తిరుగుతున్నాయి బుర్రలో.

మెట్ల మీద నిలబడి ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది. 'పసుపు పేరుతో మోసం' అని పైన పెద్ద అక్షరాలు. అందులో మాస్టర్ మౌనంగా నిలబడి ఉంటాడు. ఆ పెద్దాయన ముఖం స్పష్టంగా కనపడుతుంది. తెర అంచున ఒక మోకాలు, ఒక చెప్పు కనపడతాయి. ఆ మోకాలు నాదని ఇన్నాళ్ళూ నాకు తప్ప ఎవరికీ తెలియదు. మాస్టర్‌కు తెలుసు.

ఇలాంటప్పుడు ఏం చేయాలో నాకు బాగా తెలుసు. అదీ నా వృత్తే. బోర్డు తీయించాను. ఎవరు అడిగినా మాట్లాడొద్దన్నాను. ఆ తర్వాత మాస్టర్ పేరుతో ఒక క్షమాపణ రాసి, ఆయన ఫొటో పెట్టి, అన్ని గ్రూపుల్లోనూ వేశాను. వేసేముందు చూపించాను.

"నేను అననిదానికి నేనెందుకన్నా మాఫీ అడుగుడు?"

"వారంలో మర్చిపోతారు మాస్టర్. నన్ను నమ్మండి."

ఆయన ఫోన్ నాకు తిరిగిచ్చి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సరే అనలేదు, వద్దనలేదు. నేను దాన్ని సరే అని తీసుకున్నాను.

నిజంగానే జనం ఆ వీడియోను మర్చిపోయారు. కానీ క్షమాపణ చెప్పాడంటే తప్పు చేశాడనే కదా. ఆ ముక్క గుర్తుండిపోయింది. హాస్టళ్ళ నుంచి రావడం ఆగిపోయింది. ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి షట్టర్ దించి ఉంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొన్ని రోజులకు అక్కడ మొబైల్ కవర్ల దుకాణం వెలిసింది. నా ఎత్తుపీట మీద స్పీకర్ పెట్టారు.

ఆ తర్వాతి కాలం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పని నడిచింది. కొత్త క్లయింట్లు వచ్చారు. సాయంత్రం కాగానే కాళ్ళు ఆ సందులోకి తిరిగేవి, సగం దూరం వెళ్ళి గుర్తొచ్చి వెనక్కి వచ్చేవాణ్ణి. దుకాణానికి చాయ్ పంపే ఇరానీ హోటల్లో ఒక్కడినే కూర్చుంటే సర్వర్ అలవాటుగా రెండు కప్పులు తెచ్చి, ఎదురు కుర్చీ చూసి, ఒకటి వెనక్కి తీసుకెళ్ళేవాడు. చివరికి ఆ హోటలుకు వెళ్ళడం మానేశాను. ఆదివారాలు మెట్రో ఎక్కి చివరి స్టేషన్ దాకా వెళ్ళి, మళ్ళీ అదే రైల్లో వచ్చేవాణ్ణి. చుట్టూ మనుషులు ఉంటారు, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. ఒక పుట్టినరోజు నాడు పొద్దుటి నుంచి వచ్చిన శుభాకాంక్షలన్నీ బ్యాంకు నుంచీ, ఆన్‌లైన్ దుకాణాల నుంచీ వచ్చినవే. అలాంటి మెసేజులు నేను కూడా క్లయింట్ల కోసం రాసి ఉన్నాను. వాటి వెనక మనిషి ఉండడని నాకంటే బాగా ఎవరికి తెలుసు?

లేత నీలం చొక్కా మాత్రం వాడుతూనే ఉన్నాను. పసుపు మరక ఎండలో ఆరేస్తే పోతుంది. నా గదిలోకి ఎండ రాదు, బట్టలు లోపలే తాడు మీద ఆరతాయి. అందుకని చుక్క వెలిసిందే గాని పోలేదు.

ఈ మధ్య ఒక కొత్త క్లయింటు, బేకరీ ఆయన, తన గురించి నేను రాసిన మాటలు చదివి, "ఇది నేను అనలేదు గదా సార్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. "మా పద్ధతి ఇది" అనబోయి ఆగాను. రాసింది బాగుందనే ఆయన అంటున్నాడు, నేను మాత్రం లేచి బయటికి వచ్చేశాను. ఆ వారమే గుండీలూ దారాలూ అమ్మే దుకాణంలో వాకబు చేసి మాస్టర్ ఎక్కడున్నాడో కనుక్కున్నాను.

సనత్‌నగర్‌లో ఫ్యాక్టరీ కార్మికులకు యూనిఫాంలు కుట్టే రేకుల షెడ్డు. వరసగా మిషన్లు, అందరి ముందూ ఒకే ముదురు నీలం గుడ్డ. మాస్టర్ చివరి మిషన్ దగ్గర ఉన్నాడు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి, కుడుతున్న చొక్కా చెయ్యి పూర్తిచేసి, దారం తెంపి లేచాడు.

"సన్నగైనవన్నా" అన్నాడు. "అంగి వదులైంది."

బయట టీ బండి దగ్గర నిలబడ్డాం. నేను రాయాలనుకుంటున్నది చెప్పాను. ఆ మాటా, క్షమాపణా నావేనని అందరికీ తెలిసేలా రాస్తానన్నాను. ఆయన చాయ్ తాగి గ్లాసు బండి మీద పెట్టాడు.

"నాకు చెప్పుడెందుకన్నా? అననోన్ని నేను, నాకు తెల్వదా? గా పెద్దమనిషికి చెప్పినవా?"

"లేదు."

"ముందుగాల ఆయనకు చెప్పు. మల్ల రాసుకో. నా పేరు మాత్రం రాయకు."

"ఎందుకని?"

"మల్ల పబ్లిసిటీ అయితది" అన్నాడు. ఈసారి నిజంగా నవ్వాడు. "ఇంకో ముచ్చట. రాసినంక మా ఇంటికి తెచ్చి సదివి వినిపియ్యి. మా ఇంట్లామె సుత వినాలె."

ఆ పెద్దాయన కొడుకు నంబరు నా దగ్గరే ఉంది. 'పసుపు చొక్కా' గ్రూపులో ఉండేది, వీడియో తిరిగినప్పుడే అది ఎవరిదో తెలిసింది. ఇన్నాళ్ళూ ఫోన్లోనే ఉంది. చేశాను. కుర్రాడు ఎత్తి, నేను ఫలానా అనగానే ఫోన్ తండ్రికి ఇచ్చాడు. చెప్పాల్సింది చెప్పాను. ఆ మాట టైలర్‌ది కాదు, నాది. ఆ రోజు ఎత్తుపీట మీద కూర్చున్నది నేనే.

అవతల ఎక్కడో ట్రాక్టర్ వెళ్తున్నట్టుంది.

"ఫోన్ చూసుకుంట కూసున్నది నువ్వేనా?" అన్నాడాయన.

"నేనేనండీ."

"గా వీడియో మా ఊరంత చూసింది. మా పిలగాన్ని ఇప్పటికి సుత పసుపు అంగి అనే పిలుస్తరు. పెండ్లి చూపులకు పోతె అక్కడ సుత గదే. రాస్తనంటున్నవు గద. గిట్ల రాయి. మావోడు ఎడ్డోడు గాదు. సదువుకున్నోడు రాసిన మాట నమ్మిండు. గంతే రాయి."

రాస్తున్నాను. ఆ కుర్రాడు తెలివితక్కువవాడు కాడు. చదువుకున్నవాడు రాసిన మాట నమ్మాడు.

అదంతా అయ్యాక ఇక్కడిదాకా రాసిన కాగితాలు తీసుకుని ఒక ఆదివారం ఎర్రగడ్డ వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. మాస్టర్ మంచం మీద కూర్చున్నాడు. ఆయన భార్య గడప దగ్గర కూర్చుని, ఒళ్ళో యూనిఫాం పెట్టుకుని గుండీలు కుడుతోంది. నన్ను కూర్చోమనలేదు. మాస్టరే ప్లాస్టిక్ కుర్చీ జరిపాడు.

మొదలుపెట్టేముందే ఆమె అంది, "మా ఆయన మాటలన్ని మీరే మాట్లాడిండ్రు. ఇగ ఆయన ఊకున్నది సుత మీరే రాస్తుండ్రా?"

"ఊకో" అన్నాడు మాస్టర్.

"నేనెందుకు ఊకుంటా? ఊకుండి ఊకుండే గిక్కడికొచ్చినం."

చదివాను. ఎత్తుపీట దగ్గర మాస్టర్ నవ్వాడు. పెద్దాయన వచ్చిన చోట తల దించుకున్నాడు. చివరిదాకా చదివి కాగితాలు మడిచాను. ఆమె సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టింది.

"అంత మంచిగనే ఉంది గని ఒకటి తప్పు రాసిండ్రు."

"ఏంటమ్మా?"

"పసుపు పెట్టింది ఆయన గాదు. నేను. కాజాలు కుట్టినంక అన్ని అంగిలకు నేనే పెడ్తుంటి. ఆయనకు ఎన్నో దినాలు తెల్వనే తెల్వది. వీడియోల ఆయన చెయ్యి పెట్టిచ్చిండ్రు. చెప్పబోతె ఆగుమన్నరట."

మాస్టర్ కిటికీ వైపు చూస్తున్నాడు. నాకు ఆయన అప్పుడు "గది నేను..." అని చెప్పబోయింది ఏమిటో అర్థమైంది.

"దసరాకు ఇచ్చిన చొక్కాకి?" అని అడిగాను.

"గది సుత నేనే. పండుగ నాడు పొద్దుగాల్నే వచ్చి దుకాణంల కూసుంటడంట, ఒక్కడే మనిషి, ఎవరు పెడ్తరు ఈయనకు అని పెట్టిన." ఆమె సూది మళ్ళీ తీసుకుంది. "మీరు ఒక్కనాడన్న అడుగుతె చెప్తుంటి. మీరు అడగరు గద. రాసుకుంటరు."

నిజం చెప్పడానికి వెళ్ళినవాణ్ణి, అందులోనూ తప్పు మాటే మోసుకెళ్ళాను. అన్నేళ్ళలో నన్ను కాస్త కదిలించిన పని ఏదైనా ఉంటే అది ఆ చుక్క. అది ఎవరు పెట్టిందో నేను తెలుసుకోలేదు. ఆమె పులిహోర తిని, డబ్బా తిరిగిచ్చి, ఆమెతో నాలుగు మాటలు మాట్లాడినవాణ్ణి కూడా కాదు.

"మార్చి రాస్తానమ్మా" అన్నాను.

"మార్చకుండ్రి. తప్పు రాసింది తప్పు రాసినట్టే ఉండనియ్యిండ్రి. కిందికి గిది రాయుండ్రి. నా పేరు సుత వద్దు." దారం తెంపి, "చాయ్ తాగుతరా?" అంది.

తాగాను. ఎక్కువసేపు కూర్చోలేదు. కూర్చోమని వాళ్ళూ అనలేదు. వచ్చేటప్పుడు మాస్టర్ మెట్రో దాకా నడిచి వచ్చాడు. మళ్ళీ రమ్మంటాడేమోనని స్టేషన్ మెట్ల దగ్గర కొంచెం ఆగాను. "పైలం అన్నా" అని జాగ్రత్త చెప్పి ఆయన వెనక్కి తిరిగాడు.

అందుకే పైన, మాస్టర్ పసుపు పెట్టాడన్నట్టు నేను రాసిన చోట్లన్నీ అలాగే ఉంచాను. అవి తప్పు. పెట్టింది ఆయన భార్య. ఉద్యోగం వస్తుందని ఆమె అనుకుని పెట్టలేదు, ఆయన అనలేదు. కొత్త బట్ట కాబట్టి పెట్టింది.

పంజాగుట్టలో దిగి గదికి వచ్చేసరికి సాయంత్రమైంది. తాడు మీద లేత నీలం చొక్కా ఆరి ఉంది. అంచు తిరగేసి చూశాను. మడత పెట్టి, చుక్క ఉన్న వైపు లోపలికి వచ్చేలా, బీరువాలో పెట్టాను.